మాష్ చెయ్యి పడని బొమ్మ

గ్రంథాలయం వార్షికోత్సవం దగ్గర పడిందంటే ఆ ఊరి బడిపిల్లల బొమ్మలన్నీ ముందు భార్గవన్ మాష్ ఇంటి వసారాకి చేరాల్సిందే. అక్కడ ఆయన చెయ్యి పడాలి, పడ్డాకే గ్రంథాలయం గోడ ఎక్కాలి. ఇది ఎవరో పెట్టిన నియమం కాదు, ఎవరూ కాదన్నదీ కాదు. ఆయన డ్రాయింగు మాస్టారుగా, ఊరి మాటలో మాష్‌గా, ఆ బడిలో చేరిన ఏడాది నుంచీ అలాగే నడుస్తోంది. ఇప్పుడు బొమ్మలు తెస్తున్న పిల్లల్లో సగం మంది అమ్మానాన్నల బొమ్మలకి కూడా మెరుగులు దిద్దింది ఆయనే. "మాష్ చెయ్యి పడితే గుమ్మడికాయ కూడా గులాబీ అవుతుంది" అని టీకొట్టు దగ్గర ఒక మాట ఉంది. ఆ మాట చెవిన పడినప్పుడు మాష్ విననట్టే ఉండేవాడు గానీ, ఆ పూట టీ చల్లారిపోయినా ఏమీ అనేవాడు కాదు.

ఆ గురువారం మధ్యాహ్నం మాష్ బడికి రెండ్రోజులు సెలవు పెట్టి, వసారాలో చాప పరిచి కూర్చున్నాడు. మార్చి ఎండ. పంచె మోకాళ్ళ పైకి ఎగగట్టి, చుట్టూ కొబ్బరిచిప్పల్లో రంగులు కలుపుకుని, ఒక్కో బొమ్మా ఒళ్ళోకి తీసుకుంటున్నాడు. ఒకడి ఏనుగుకి మూడే కాళ్ళున్నాయి, నాలుగోది పెట్టాడు. ఒకమ్మాయి కొబ్బరిచెట్టు మొదలు కంటే తల లావుగా ఉంది, సరిచేశాడు. పడవపందేల బొమ్మలు అరడజను వచ్చాయి. వాటన్నిటి ఆకాశాన్నీ పైన ముదురుగా, కింద లేతగా చేసి, ప్రతి పడవ కిందా నీళ్ళ మీద మూడు తెల్లగీతలు లాగాడు. ఎవరి పడవ అయినా సరే ఆ మూడు గీతలూ పడాల్సిందే. అవి పడితే నీళ్ళు కదులుతాయని ఆయన నమ్మకం.

తరవాతి కాగితం తొమ్మిదో తరగతి ఆతిరది. వెనక పెన్సిలుతో "అమ్మ" అని రాసి ఉంది. గుమ్మం మెట్టు మీద ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. నీలం నైటీ, భుజం మీద తువ్వాలు, చేతులు ఒళ్ళో వెల్లకిలా. మొహం కాస్త పక్కకి తిరిగి ఉంది. మాష్‌కి ఆ మొహం నచ్చింది. పిల్ల బాగానే వేసింది, ముక్కు దగ్గర నీడ కూడా కుదిరింది. చూపు చేతుల మీదకి దిగేసరికి మాత్రం ఆయన పెదవి చప్పరించాడు. మణికట్టు దాకా ఒక మనిషి, అక్కడ నుంచి ఇంకో మనిషి. వేళ్ళు నల్లగా, గోధుమగా, మసిబట్టిన గిన్నె అడుగులా ఉన్నాయి.

ఆతిర తల్లి ఓమన జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు కొడుతుందని మాష్‌కి తెలియక కాదు. పొద్దున బస్సు దగ్గర ఆ ఆడవాళ్ళని రోజూ చూస్తాడు. కానీ బొమ్మ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నప్పుడు ఆయనకి బస్సూ గుర్తుండదు, ఫ్యాక్టరీ గుర్తుండదు. బొమ్మంటే బొమ్మ. ఒంటికంతా ఒకటే రంగు ఉండాలి. తెలుపులో పసుపు, చిటికెడు ఎరుపు, మొహం మీది ఛాయ వచ్చేదాకా కలిపి, బ్రష్ ముంచి బొటనవేలి మీద పెట్టాడు. రంగు నిలవలేదు. తామరాకు మీద నీళ్ళలా ముడుచుకుని పక్కకి జారింది.

"కింద క్రేయాన్ రుద్దినట్టుంది పిల్ల" అని గొణుక్కుని, బ్రష్‌ని సబ్బుబిళ్ళ మీద ఒకసారి రాసి మళ్ళీ పెట్టాడు. ఈసారి పట్టింది. ఆరనిచ్చి దాని మీద ఇంకో పూత, చిక్కగా. గోళ్ళకి లేత గులాబి. చిటికెన వేలు కాస్త సన్నం చేశాడు. చేతులు చక్కగా వచ్చాయి. ఆయనకి తృప్తిగా అనిపించింది.

సైకిల్ గంట వినిపించింది. గ్రంథాలయం కార్యదర్శి పీతాంబరన్ గేటు దగ్గరే ఒక కాలు నేల మీద ఆనించి ఆగాడు. వార్షికోత్సవం వచ్చిందంటే ఆ మనిషి సైకిల్ దిగడు.

"మాష్, పిల్లలవి సరే. మీవి ఏవీ?"

"తెస్తాలే."

"తెస్తాలే అని పోయిన వారం నుంచి అంటున్నారు. ఉత్తరం వైపు గోడ మొత్తం మీకే వదిలేశాం. నెలాఖరుకి మీరు రిటైరవుతున్నారు. ఆదివారం సభలో శాలువా కప్పుతాం. కప్పేటప్పుడు వెనక మీ బొమ్మలుండాలా వద్దా? ఖాళీ గోడ ముందు నిలబెట్టి శాలువా కప్పితే సున్నం వేసినవాడికి సన్మానం చేసినట్టుంటుంది."

"తెస్తానన్నానుగా పీతాంబరా. వెళ్ళు, నీ మైకు సెట్టువాడు ఎదురుచూస్తుంటాడు."

పీతాంబరన్ వెళ్ళాక మాష్ లోపలికి చూశాడు. మంచం కింద రేకుపెట్టె ఉంది. అందులో ఏముందో ఆయనకి తెలుసు. తెలుసు కాబట్టే వారం నుంచీ దాన్ని బయటికి లాగడం లేదు.

శుక్రవారం పొద్దుటి నుంచే గ్రంథాలయంలో బొమ్మలు ఎక్కించడం మొదలైంది. పెంకుల కప్పు, పొడవాటి హాలు, మధ్యలో పేపర్లు చదివే ఏటవాలు బల్లలు. బీరువాలకి అడ్డంగా కొబ్బరితాళ్ళు కట్టి, బట్టల క్లిప్పులతో బొమ్మలు తగిలిస్తున్నారు. పేపరు చదివే ముసలాళ్ళు కదలరు, వాళ్ళ తలల మీదుగానే తాడు లాగాలి. లైబ్రేరియన్ తంకమణి స్టూలు ఎక్కి నిలబడి హుకుం జారీ చేస్తోంది.

"ఆ మూల బీరువా తలుపు తెరుచుకోవాలి మాష్. అందులో డిటెక్టివ్ నవలలున్నాయి. అది మూసేస్తే సాయంత్రానికి నన్ను చంపేసి, ఎవరు చంపారో వాళ్ళే కనిపెడతారు."

"మరి ఈ తొమ్మిదో తరగతివి ఎక్కడ పెట్టను?"

"పడమటి కిటికీ పక్కన పెట్టండి. సాయంత్రం ఎండ పడి కళకళ్ళాడతాయి."

అలా ఆతిర వేసిన అమ్మ బొమ్మ పడమటి కిటికీ పక్కకి చేరింది. ఒక్కో బొమ్మ కింద తంకమణి చీటీ అంటించింది, పేరు, తరగతి. ఉత్తరం గోడకి కట్టిన తాడు మాత్రం వట్టి క్లిప్పులతో వేలాడుతోంది. ఎవరో ముసలాయన తన గొడుగు దానికి తగిలించబోతే తంకమణి స్టూలు మీద నుంచే కసిరింది.

బడి వదిలాక పిల్లలు బిలబిలా వచ్చిపడ్డారు. ఏనుగువాడు తన ఏనుగు దగ్గర, పడవలవాళ్ళు పడవల దగ్గర మూగారు. "చూడరా, మాష్ నా ఆకాశం ఎలా చేశారో" అంటున్నాడొకడు. అది తన ఆకాశం కాదన్న ఊహ వాడికి లేదు, మాష్‌కీ లేదు. మాష్ చేతులు వెనక్కి కట్టుకుని నవ్వుతూ తిరుగుతున్నాడు.

ఆతిర కాస్త ఆలస్యంగా వచ్చింది. సన్నటి పిల్ల. చూపుడువేలికి గుడ్డపీలిక చుట్టుకుని ఉంది. తన బొమ్మ ముందు ఆగి, ముక్కు కాగితానికి తగిలేంత దగ్గరికెళ్ళి చూసింది. వెనక్కి జరిగి చూసింది. కింద అంటించిన చీటీని గోరుతో మెల్లగా ఊడదీసి, తంకమణి బల్ల దగ్గరికి తీసుకొచ్చింది. అక్కడ పుస్తకాలు తీసుకునేవాళ్ళు సంతకం పెట్టే కలం దారంతో కట్టేసి ఉంటుంది. ఆ కలంతో తన పేరు అడ్డంగా కొట్టేసి, కింద "భార్గవన్ మాష్" అని గుండ్రటి అక్షరాలతో రాసి, మళ్ళీ వెళ్ళి ఉన్నచోటే అంటించింది.

తంకమణి ఇదంతా కళ్ళద్దాల పైనుంచి చూస్తూనే ఉంది. "మాష్, ఒకసారి ఇటు రండి" అని పిలిచింది.

మాష్ వచ్చి చూసి నవ్వబోయి ఆగాడు. "ఎవరి పనిది?"

"నాదే మాష్" అంది ఆతిర.

"బొమ్మ నువ్వేస్తే నా పేరెందుకు?"

"చేతులు మీవి మాష్."

"సరిచేశానమ్మాయ్. నీదొక్కటేనా, అందరివీ సరిచేశాను. వాడి ఏనుగుకి కాలు పెట్టాను. వాడేమైనా అన్నాడా?"

"వాడు కాలు మర్చిపోయాడు మాష్. నేనేమీ మర్చిపోలేదు."

పక్కన ఏనుగువాడు కిసుక్కున నవ్వి, మాష్ చూపు తగిలి ఊరుకున్నాడు.

"మనిషి ఒంటికి రెండు రంగులుంటాయా?" అన్నాడు మాష్, క్లాసులో అడిగినట్టే.

"మా అమ్మకి ఉన్నాయి."

మాష్ గొంతు తగ్గించాడు. "చూడమ్మా. ఇది ఊరంతా చూసే గోడ. చూసినవాళ్ళ కంటికి ఇంపుగా ఉండాలి. రేపు మీ అమ్మ వచ్చి చూస్తే మురిసిపోవాలా, సిగ్గుపడాలా? నువ్వే చెప్పు."

ఆతిర వేలి మీది గుడ్డపీలిక బిగించుకుంటూ నిలబడింది. "అమ్మకి చూపించాలనే వేశాను మాష్. నేను చూస్తున్నానని అమ్మకి తెలియాలని. ఇప్పుడు ఇది చూస్తుంది" అంది. వెళ్ళబోతూ ఉత్తరం గోడ వైపు చూసింది. "మీ గోడ ఖాళీగా ఉంది కదా మాష్. ఇది అక్కడ పెట్టుకోండి."

పిల్ల వెళ్ళిపోయింది. తంకమణి ఆ చీటీ తీసి సొరుగులో పడేసి, ఇంకో చీటీ మీద ఆతిర పేరు రాసింది. "పొగరుగా అని ఉంటే చెవి మెలేద్దును మాష్" అంది. "పొగరు లేదు. అదే ఇబ్బందిగా ఉంది."

ఇంటికెళ్ళాక మాష్ రేకుపెట్టె బయటికి లాగాడు. అడుగున ఉన్నవి కాలేజీ రోజుల్లో క్యాలెండర్లు చూసి దించిన నకళ్ళు, వాటిలో మంచిది చెదలు తినేసింది. పైనున్నవన్నీ పిల్లల బొమ్మలు. ఏళ్ళ తరబడి ఎవరూ వెనక్కి తీసుకెళ్ళనివి. ఒక్కోటీ తీసి చూశాడు. పేర్లు వేరు, ఆకాశం ఒకటే. నీళ్ళ మీద మూడు తెల్లగీతలు. ఆ కాగితాల్లో పిల్లలెవరో, ఏది ఎవరి చెట్టో ఆయనే పోల్చుకోలేకపోయాడు. తనదంటూ గోడకి పెట్టడానికి ఒక్కటి లేదు. ఊళ్ళో బొమ్మలన్నిటి మీదా ఉన్న చెయ్యి తన సొంతానికి మాత్రం ఏమీ వెయ్యలేదు. పెట్టెని కాలితో మంచం కిందకి తోసేసి వసారాలోకొచ్చి కూర్చున్నాడు.

శనివారం సాయంత్రం పని దిగి, ఇంటికి వెళ్ళకుండా ఓమన తిన్నగా గ్రంథాలయానికే వచ్చింది. చంకలో టిఫిను సంచి, ఒంటికి పొగవాసన. లోపలికి రాగానే చేతులు తువ్వాలు కిందకి పోయాయి. అది ఆమె చేస్తున్న పనిలా లేదు, చేతులే చేసుకుంటున్నాయి. బస్సు దగ్గర కలిసి వెంట వచ్చిన ఆతిర గుమ్మం బయటే ఆగిపోయింది.

"రా ఓమనా" అన్నాడు మాష్. శుక్రవారం నుంచీ ఆయన ఈ ఘడియ కోసమే ఎదురుచూస్తున్నాడు. తల్లి ఏమంటుందో వింటే తేలిపోతుంది.

పడమటెండ బొమ్మ మీద నిండుగా పడుతోంది. ఓమన తల ఒకవైపుకి వాల్చి చాలాసేపు చూసింది. తన మొహం చూసుకుని నవ్వుకుంది. చేతుల దగ్గరికొచ్చేసరికి ఆ నవ్వు ఇంకాస్త విచ్చుకుంది.

"అబ్బో, ఇవి నావే? నా పెళ్ళప్పుడు కూడా ఇంత బాగా లేవు మాష్."

మాష్ గుమ్మం వైపు చూశాడు. విన్నావా అన్నట్టు. ఆతిర మొహం తిప్పుకుంది. గెలిచిన సంతోషం రావాల్సింది, రాలేదు. పిల్ల జడరిబ్బను ఒకటి ఊడిపోయి వేలాడుతోంది, దాన్ని కట్టుకోవాలని కూడా ఆ పిల్లకి లేదు.

"నచ్చాయి కదా?" అన్నాడు మాష్ మళ్ళీ.

"నచ్చకేం. ఎవరికి చేదు?" ఓమన గొంతు తగ్గించింది. "ఇది మాత్రం నిన్నటి నుంచీ అన్నం సరిగ్గా తినట్లేదు. రంగుల డబ్బా పక్కింటి పిల్లకిచ్చేసింది. ఇంక బొమ్మలు వెయ్యదంట. ఎందుకే అంటే చెప్పదు. ఈ బొమ్మ కోసం ఏం పాట్లు పడిందనుకున్నారు? నల్లరంగు కలిపి కలిపి చూసి, అమ్మ చెయ్యిలా రావట్లేదు, బొగ్గులా వస్తోంది అని ఏడ్చింది. ఆఖరికి నేను పొయ్యిలోకని ఇంటికి తెచ్చిన జీడిపిక్కల పెంకుల నుంచి జీడినూనె పిండి, కొబ్బరి ఈనెతో అద్దింది. వేలు బొబ్బలెక్కి తోలు ఊడింది. రెండు తగిలించాను కూడా."

"జీడినూనా?" అన్నాడు మాష్.

సబ్బు రాస్తే గానీ నిలవని రంగు ఆయనకి గుర్తొచ్చింది. క్రేయాన్ కాదు. ఆ పిల్ల తల్లి చేతులకి పట్టిన నలుపునే తెచ్చి కాగితం మీద పెట్టింది. తను దాని మీద గోళ్ళకి గులాబిరంగు వేసి కూర్చున్నాడు.

ఓమన బొమ్మకి ఇంకా దగ్గరగా వెళ్ళి, మణికట్టు దగ్గర ఏదో చూసి చిన్నగా నవ్వింది. "దాచలేం మాష్ ఈ జీడి నలుపుని. మా ఫ్యాక్టరీలో పిల్లలకి పెళ్ళి కుదిరితే నెలముందు పని మానిపిస్తాం. నిమ్మకాయ, సున్నిపిండి, బూడిద అన్నీ రుద్ది, మీద చిక్కగా గోరింటాకు పెడతాం. పెళ్ళి రోజుకి పండుతుంది. మర్నాటికి గోరింటాకు కింద నుంచి ఇదే పైకొస్తుంది. అత్తగారు చూస్తుంది. ఏం చేస్తుంది, ఆవిడ చేతులూ అవే."

ఆమె వెళ్ళిపోయాక మాష్ కాగితం దగ్గరికి వంగి చూశాడు. మణికట్టు దగ్గర, గులాబిరంగు అంచున, చీమ తలంత గోధుమచుక్క ఒకటి తేలి ఉంది. ఎండ ఇంకా దాని మీదే పడుతోంది. కిటికీ తలుపు వెయ్యడానికి ఆయన చెయ్యి చాచాడు. ఎందుకో వెనక్కి తీసుకున్నాడు.

ఆదివారం పొద్దున పీతాంబరన్ సైకిల్ దిగి మరీ మాష్ ఇంట్లోకి వచ్చాడు. దాంతోనే మాష్‌కి సంగతి అర్థమైంది.

"ఆ కిటికీ పక్క బొమ్మ పాడైపోయింది మాష్. తేమో, పురుగో తెలీదు. చేతులనిండా మరకలు. సాయంత్రం పంచాయతీ ప్రెసిడెంటు గారొస్తారు. మీరొచ్చి ఒక్క పూత వేసెయ్యండి. లేదంటే తీసి పక్కన పెట్టేద్దాం."

మాష్ చొక్కా వేసుకుని బయల్దేరాడు. రంగుల సంచి తీసుకున్నాడు. గ్రంథాలయంలో తంకమణి బొమ్మ ముందే నిలబడి ఉంది. ఆవకాయ జాడీలో ముక్కల మీదకి నూనె తేలినట్టు, గులాబి చేతుల మీదకి నలుపు తేలి ఉంది. వేళ్ళ సందుల్లో ముదురుగా, అరచేతుల్లో పలచగా. చిటికెన వేలు మాత్రం ఇంకా మాష్ పెట్టినట్టే నాజూగ్గా ఉంది.

"నీళ్ళు తెప్పించనా?" అన్నాడు పీతాంబరన్.

మాష్ సంచిలో చెయ్యి పెట్టాడు. బ్రష్ చేతికి తగిలింది. ఇన్నేళ్ళలో బొమ్మ ముందు నిలబడి బ్రష్ చేతికి తగిలాక ఆయన ఆగింది లేదు. ఆయనకి ఇప్పుడు సిగ్గేసింది. ఆ సిగ్గు ఎవరూ చూడకపోయినా మెడ వెనక వేడిగా తెలిసింది.

"నేను ముట్టుకోను" అన్నాడు.

"అంటే తీసేద్దామా?"

"తీసెయ్యడానికి నువ్వెవరు, నేనెవరు? ఆ పిల్ల బొమ్మ. ఆ పిల్లనే పిలవండి. ఓమనని కూడా."

"సాయంత్రం సభ పెట్టుకుని ఇదేం పేచీ మాష్?"

"పీతాంబరా, పెళ్ళికి ముందే మంగళవాయిద్యం మొదలెట్టకు. వెళ్ళి పిలుచుకురా."

తల్లీకూతుళ్ళు వచ్చారు. వార్త అప్పటికే టీకొట్టు దాకా పాకినట్టుంది, పేపరు చదివే ముసలాళ్ళు ఆదివారమైనా ముందే వచ్చి కూర్చున్నారు, పిల్లలూ మూగారు. ఆతిర వచ్చి బొమ్మ ముందు నిలబడింది.

"నా తప్పే అమ్మాయ్" అన్నాడు మాష్, అందరూ వింటుండగానే. "ఏం వేశావో అడక్కుండా మీద పూసేశాను. పైది నీళ్ళరంగు. కిందది నూనె. తడిగుడ్డతో తుడిస్తే నాది పోతుంది, నీది ఉంటుంది. నువ్వే తుడుచుకో. వద్దంటే ఇలాగే ఉండనీ. నీ ఇష్టం."

తంకమణి చిన్న గిన్నెతో నీళ్ళు తెచ్చింది. ఓమన తన భుజం మీది తువ్వాలు తీసి అంచు తడిపి, పిండి కూతురికి అందించింది. ఆతిర కాగితాన్ని బల్ల మీద పరిచి, గుడ్డ మడతతో బొటనవేలి దగ్గర మొదలుపెట్టింది. గులాబిరంగు నురగలా కరిగి గుడ్డకి అంటుకుంది. కింద నుంచి అసలు వేలు బయటపడింది. నల్లటి తోలు, మడతల్లో బూడిదగీతలు, గోటి పక్కన పగులు. పేపరు చదివే ముసలాళ్ళలో ఒకాయన పేపరు మడిచి పక్కన పెట్టాడు. మాష్ వంగి చూస్తున్నాడు. తనకి ఇన్నేళ్ళలో అలాంటి చెయ్యి ఒక్కటి రాలేదు. ఆ మాట ఆయనకి తెలుస్తూనే ఉంది, తెలుస్తున్నకొద్దీ ఈర్ష్య కాదు గానీ, ఏదో పెద్ద బరువు దిగినట్టుంది.

ఒకచోట మాత్రం గుడ్డ నైటీ మీదకి వెళ్ళి నీలం చెదిరింది. ఆతిర చెయ్యి ఆగిపోయింది. తల ఎత్తి మాష్ వైపు చూసింది. ఆయన చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు. పిల్ల ఆ చెదిరిన నీలాన్ని అలాగే వదిలేసింది.

ఓమన బొమ్మ చూసుకుని నిట్టూర్చింది. "పోన్లే. రెండ్రోజులు మంచి చేతులు పెట్టుకున్నాను. చాలు." అని కూతురి జడరిబ్బను లాగి కట్టింది. కడుతూ కడుతూ పిల్ల వేలు పట్టుకుని, కొత్తగా వస్తున్న తోలు మీద తన నల్లటి బొటనవేలితో మెల్లగా నిమిరింది. "ఇంత చూశావా నన్ను" అంది. ఆతిర తల్లి భుజంలో మొహం పెట్టేసుకుంది.

బొమ్మ మళ్ళీ కిటికీ పక్కన ఎక్కింది. పీతాంబరన్ గోడ గడియారం చూసి, ఉత్తరం గోడ చూసి, తల గోక్కున్నాడు. "అదైంది. మీ గోడ సంగతేంటి మాష్?"

"నా దగ్గర ఏమీ లేవు" అన్నాడు మాష్.

ఆ మాట పైకి అనేశాక మాష్‌కి తేలిగ్గా అనిపించింది. సంచిలోంచి కాగితం తీసి ఏటవాలు బల్ల మీద పెట్టాడు. "ఓమనా, పని లేకపోతే కాసేపు కూర్చుంటావా?"

"నా మొహం ఇప్పటికే గోడ మీదుంది కదా మాష్."

"మొహం కాదు. చేతులు."

ఓమన ముసలాళ్ళ వైపు, పిల్లల వైపు చూసింది. తువ్వాలు కూతురి దగ్గరుంది, కప్పుకోవడానికి ఏమీ లేదు. "ఇదేం పిచ్చి" అని నవ్వి, బెంచీ మీద కూర్చుని, పాతపేపరు మీద రెండు చేతులూ వెల్లకిలా పెట్టింది. కాసేపటికి వేళ్ళు వాటంతట అవే సడలాయి.

మాష్ వెయ్యడం మొదలుపెట్టాడు. క్యాలెండరు లేదు, కింద ఎవరో గీసి పెట్టిన గీత లేదు. ఎదురుగా ఉన్నది చూసి వెయ్యడం ఆయనకి ఎంత మరుపుకొచ్చిందో మొదటి వేలికే తెలిసిపోయింది. చెరిపాడు, గీశాడు. నలుపు కలిపితే బొగ్గులా వచ్చింది, గోధుమ కలిపితే బురదలా వచ్చింది. పిల్లలు చుట్టూ మూగి చూస్తున్నారు. మాష్ నుదుటి మీద చెమట, ముక్కు మీద రంగు. ఏనుగువాడు పక్కవాడి చెవిలో "వంకాయల్లా ఉన్నాయిరా" అన్నాడు. అది అందరికీ వినిపించింది. మాష్ కూడా నవ్వాడు.

"వంకాయలే" అన్నాడు. "ఇంతకంటే నాకు రావట్లేదు."

బొమ్మ ఎత్తి పట్టుకుని చూసుకున్నాడు. బొటనవేలు ఒకటి మరీ పొట్టిగా ఉంది. మణికట్టు ఎక్కడిదో, చెయ్యి ఎక్కడిదో అన్నట్టుంది. ఆయన వెనక్కి తిరిగి, ఆతిరకి బ్రష్ అందించాడు. ఆటకి కాదు, నిజంగానే.

"నువ్వు కాస్త సరిచెయ్యమ్మా. ఆ బొటనవేలు. నీకు తెలుసు."

ఆతిర దగ్గరికొచ్చి బొమ్మని చూసింది. అమ్మ చేతుల్ని చూసింది. మళ్ళీ బొమ్మని చూసింది. ఎక్కడ ఏం చెయ్యాలో ఆ పిల్లకి తెలుసని ఆ చూపులోనే కనిపిస్తోంది. బ్రష్ పట్టుకోబోయినట్టు చెయ్యి కాస్త లేచింది. తరవాత రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"బాగుంది మాష్" అంది. "అది మీ బొమ్మ. నేను ముట్టుకోను."

మాష్ బ్రష్ నీళ్ళగిన్నెలో పెట్టేశాడు. తానే వెళ్ళి ఉత్తరం గోడకి, అన్ని వట్టి క్లిప్పుల మధ్య, ఆ ఒక్క బొమ్మనీ తగిలించాడు. కాస్త వంకరగా పడింది, ఎవరూ సరిచెయ్యలేదు.

తంకమణి కొత్త చీటీ తీసి కలం అందుకోబోయింది. "ఏమని రాయను మాష్?"

"రాయక్కర్లేదు. మొన్నటి చీటీ ఉందిగా."

తంకమణి సొరుగంతా వెతికి దాన్ని బయటికి తీసింది. పైన కొట్టేసిన ఆతిర పేరు, కింద గుండ్రటి అక్షరాలతో మాష్ పేరు. ఆతిర దాన్ని అందుకుని, జిగురు రాసి, వంకాయల కింద అంటించి, ఊడిపోకుండా కాసేపు బొటనవేలితో నొక్కి పట్టుకుంది.